చీజ్ తొట్టిలో స్ట్రెయిన్లు

చీజ్ తయారీ గురించి ఏది చదివినా బ్యాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. పాలలో లాక్టోకాకస్ లాక్టిస్ కలుపుతారు, అది లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, తర్వాత పాలను గడ్డకట్టించే రెన్నెట్ వేస్తారు, అంతే. తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ చదివే రోజుల్లో నాకూ ఆ వాక్యం చాలుననే అనిపించేది. ఇప్పుడు న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్ దగ్గర ఒక చీజ్ కర్మాగారం ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ జాతి పేరు ఎవరి నోటా వినిపించదు. ఫ్రీజర్‌లో ఉన్న ప్రతి స్ట్రెయిన్‌కూ, అంటే ఆ జాతిలోని ప్రతి రకానికీ, ఒక నంబరు ఉంటుంది, మాటలన్నీ ఆ నంబర్లతోనే. ఒకటి చురుకైనది, ఒకటి వేడికి ఆగదు, ఒకటి చీజ్‌ను చేదెక్కిస్తుంది, ఇంకొకటి అన్ని విధాలా మేలైనదే గానీ ఫేజ్ అనే వైరస్ తగిలిందంటే గంటల్లో కుప్పకూలుతుంది. అన్నీ ఒకే జాతి. సూక్ష్మదర్శిని కింద పెడితే అన్నీ జంటలుగా, పొట్టి గొలుసులుగా కనిపించే గుండ్రటి కణాలే. ఏది ఏదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

చెడ్డర్ రకం చీజ్ చేసే తొట్టిలో పాలు 31, 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండగా స్టార్టర్, అంటే పాలను పులియబెట్టే బ్యాక్టీరియా, కలుపుతారు. రెన్నెట్‌తో గడ్డ కట్టాక చిన్న ముక్కలుగా కోసి, కలియబెడుతూ నెమ్మదిగా 38, 39 డిగ్రీల దాకా వేడి చేస్తారు. గుణాలు బయటపడేది ఇక్కడే. లాక్టిస్ ఉపజాతి 40 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది, 4 శాతం ఉప్పునూ ఓర్చుకుంటుంది. క్రెమోరిస్ అనే ఇంకో ఉపజాతి ఆ రెండింటినీ ఓర్చుకోదు. ఈమధ్య క్రెమోరిస్‌ను విడి జాతిగానే లెక్కిస్తున్నారు. అయినా తొట్టి దగ్గర ఆ గీత అంత తేటగా ఉండదు. జన్యువుల్లో క్రెమోరిస్ అయి ఉండి గుణంలో లాక్టిస్‌లా మెలిగే స్ట్రెయిన్లు ఉన్నాయి. పరిశోధకులందరూ వాడే ఎంజీ1363 అలాంటిదే. క్రెమోరిస్‌లోనే ఒక స్ట్రెయిన్ 38 డిగ్రీలకు దాదాపు ఆగిపోతే, ఇంకొకటి తాపీగా పెరుగుతూనే ఉంటుంది. ఈ తేడా నెలల తర్వాత నాలుకకు తెలుస్తుంది. వేడి చేసేటప్పుడు ఆగకుండా పెరిగిన స్ట్రెయిన్ గడ్డలో విపరీతంగా నిండిపోతుంది. దాని కణాల ఉపరితలం మీద ఉండే ప్రోటీన్ కోసే ఎంజైమ్, పాలలోని ప్రోటీన్ అయిన కేసీన్‌ను ముక్కలు చేస్తూ పోతుంది. నీటిని ఇష్టపడని ఆ చిన్న పెప్టైడ్ ముక్కలే చేదు. వాటిని ఇంకా చిన్నవిగా చేసి చేదు పోగొట్టే ఎంజైములు అదే కణం లోపల ఉంటాయి. కణం పగిలితే గానీ అవి బయటికి రావు. కాబట్టి చెడ్డర్ చేసేవారికి కావలసిన స్ట్రెయిన్ ఎలాంటిదంటే, ఆమ్లం చేసేంతవరకు చురుగ్గా ఉండాలి, ఆపైన పెరుగుదల ఆపాలి, చీజ్‌లోకి చేరాక త్వరగా పగిలిపోవాలి. ఈ మూడు గుణాలూ ఒక్కదానిలో కుదరడం అరుదు.

ఈ ఊరికి ఈ విద్యతో పాత సంబంధమే ఉంది. 1930లలో ఇక్కడి చెడ్డర్ ఓడల్లో బ్రిటన్‌కు వెళ్లేది. కోస్తే లోపల ఖాళీలు కనిపిస్తున్నాయని, చీజ్ బిగువుగా లేదని అక్కడి నుంచి ఫిర్యాదులు వచ్చేవి. అప్పట్లో స్టార్టర్ అంటే ఎన్నో స్ట్రెయిన్లు కలగలిసి ఉన్నదే. అందులో కొన్ని పాలలోని సిట్రేట్‌ను వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలేవి. పామర్‌స్టన్ నార్త్‌లోని డెయిరీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో హ్యూ వైట్‌హెడ్ వాయువు వదలని స్ట్రెయిన్లను ఒక్కొక్కటిగా వేరుచేసి, ఒకే స్ట్రెయిన్‌తో చీజ్ చేయించే పద్ధతి తెచ్చారు. అనుకున్నట్టే చీజ్ బిగువుగా వచ్చింది. దానితోపాటే ఇంకో కష్టం వచ్చిపడింది. పొద్దున చక్కగా మొదలైన తొట్టి మధ్యలో ఉన్నట్టుండి నిలిచిపోయేది. పులుపు ఇక పెరిగేది కాదు. ఎంత కొత్త స్టార్టర్ తెచ్చి వేసినా అదే వరస. 1935లో వైట్‌హెడ్, కాక్స్ కలిసి దీనికి కారణం బ్యాక్టీరియోఫేజ్ అని ప్రకటించారు. బ్యాక్టీరియాను పట్టి చంపే వైరస్ అది.

ఫేజ్‌కు జాతితో పనిలేదు, స్ట్రెయిన్‌తోనే పని. కణం పైపొరలో ఉండే చక్కెర గొలుసుల అమరికో, ఒక ప్రత్యేకమైన ప్రోటీనో సరిపోతేనే అది అంటుకోగలదు. అంటుకున్నదంటే ఆ కణం సుమారు గంటలో పగిలి, పదుల నుంచి వందకు పైగా కొత్త ఫేజ్‌లను వదులుతుంది. అదే గంటలో ఆరోగ్యంగా ఉన్న బ్యాక్టీరియా ఒకటి రెండవుతుంది. ఈ పందెంలో ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా. అనేక స్ట్రెయిన్లున్న పాత స్టార్టర్‌లో ఒకటి పడిపోయినా మిగిలినవి పని లాక్కొచ్చేవి, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఒక్కటే ఉన్నప్పుడు అది పడిపోతే తొట్టి మొత్తం పడిపోతుంది. చాలా ఫేజ్‌లు పాశ్చరైజేషన్‌కు కూడా చావవు. తేట (చీజ్ గడ్డ నుంచి వేరుపడే నీళ్లు) నుంచి వెన్నను తీసే యంత్రంలోంచి లేచే సన్నటి తుంపర వాటిని గాలిలో మోసుకుపోతుందన్న సంగతి కూడా ఇక్కడే తేలింది.

నా పని సగం ఈ ఫేజ్‌ల వెంట పడటమే. తొట్ల నుంచి తేట నమూనాలు వస్తాయి. చీజ్ గడ్డ నుంచి వేరుపడిన పచ్చటి నీళ్లు, కొంచెం తీపి, కొంచెం పులుపు వాసన. 0.45 మైక్రాన్ ఫిల్టర్ గుండా నెడితే బ్యాక్టీరియా పైన ఆగిపోతుంది, ఫేజ్ కిందికి వచ్చేస్తుంది. వెన్న తీసిన పాలపొడితో చేసిన పాలను పరీక్ష గొట్టాల్లో పోసి, ఒక్కో స్ట్రెయిన్‌కు రెండేసి గొట్టాలు పెడతాను. ఒకదానిలో తేట చుక్కలు, రెండోది మామూలుగా. చీజ్ తొట్టిలో వేడి ఎలా పెరుగుతుందో అదే వరసలో నీటి తొట్టి వేడిని పెంచుతాను. కొన్ని గంటలయ్యాక పీహెచ్ చూస్తే జంటలో రెండూ ఒకేలా దిగి ఉండాలి. ఒకటి 5.3 దగ్గరికి దిగి, తేట పడినది 6 దగ్గరే నిలిచిపోయిందంటే ఆ స్ట్రెయిన్‌కు శత్రువు పుట్టినట్టే.

అప్పుడు పళ్లేల పని. స్ట్రెయిన్‌నూ తేటనూ పలచటి వేడి అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) కలిపి, గట్టి అగార్ మీద పోసి పళ్లేన్ని మెల్లగా తిప్పుతాను. కాస్త కాల్షియం క్లోరైడ్ కూడా వేయాలి, కాల్షియం లేకపోతే చాలా ఫేజ్‌లు కణాన్ని లొంగదీసుకోలేవు. వాడేది ఎం17 అనే మాధ్యమం. 1975లో టెర్జాఘీ, శాండైన్ దాన్ని ప్రకటించేవరకు ఈ బ్యాక్టీరియా తన ఆమ్లంలో తానే మునిగిపోయి ఫేజ్ మచ్చలు సరిగా కనిపించేవి కావు. ఎం17లో ఉన్న గ్లిసరోఫాస్ఫేట్ ఆ పులుపును అదుపులో పెడుతుంది. రాత్రంతా 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచి మర్నాడు పళ్లేన్ని వెలుతురుకెత్తి చూడాలి. అంతటా మసక తెరలా పెరిగిన బ్యాక్టీరియా, దాని మధ్య అక్కడక్కడ అద్దంలా తేటగా గుండ్రటి ఖాళీలు. కొన్ని సూదిమొనంత, కొన్ని మూడు మిల్లీమీటర్ల వెడల్పు, అంచు చుట్టూ పొగలాంటి వలయంతో. అదే తేటను పక్క పళ్లెంలో వేరే స్ట్రెయిన్ మీద పోసి ఉంటాను. ఆ పళ్లెం మీద ఒక్క మచ్చ కూడా ఉండదు. రెండు పళ్లేలమీదా మూతపై రాసిన జాతి పేరు ఒకటే. స్ట్రెయిన్ అంటే ఏమిటని కొత్తగా చేరినవారు అడిగితే నేను ఏ నిర్వచనమూ చెప్పను, ఆ రెండు పళ్లేలను వాళ్ల చేతిలో పెడతాను.

వైట్‌హెడ్ కాలంలో దీనికి కనిపెట్టిన ఉపాయం స్ట్రెయిన్లను మార్చి మార్చి వాడటం. ఈ రోజు ఒక జంట, రేపు ఇంకో జంట, ఒకదాని ఫేజ్ రెండోదానికి అంటకుండా చూసుకోవాలి. 1970లలో ఈ ఊరి పరిశోధకులు అరడజను స్ట్రెయిన్లను కలిపి, మార్చకుండా రోజూ అదే మిశ్రమం వాడే పద్ధతికి వచ్చారు. వాటిలో దేనికి ఫేజ్ పుట్టినా దాన్ని తీసి, ఆ ఫేజ్‌ను తట్టుకునే దానితో పూరిస్తారు. నేను చేసే పరీక్షకు మూలం ఇదే.

తట్టుకునే స్ట్రెయిన్ ఎక్కడి నుంచి వస్తుంది? తేలికైన దారి, ఫేజ్‌తో కలిపి పెంచి, బతికి బయటపడ్డవాటిని ఏరుకోవడం. వాటిలో చాలా వరకు పాలలో మందకొడిగా తయారవుతాయి, చీజ్‌కు పనికిరావు. ఇంకో దారి, ఫేజ్‌ను తిప్పికొట్టే జన్యువులున్న ప్లాస్మిడ్‌ను (చిన్న డీఎన్ఏ వలయాన్ని) ఒక స్ట్రెయిన్ నుంచి ఇంకోదానికి సహజంగానే దాటనివ్వడం. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌లో దొరికినది వీటన్నిటికన్నా పెద్ద విషయం. 2007లో బరాంగూ, హోర్వాత్, మొవానో తదితరులు ఒకే స్ట్రెయిన్‌కు పుట్టిన ఫేజ్ నిరోధక సంతానాన్ని పోల్చి చూశారు. ఒక్కోదాని జన్యుపదార్థంలో క్రిస్పర్ అనే చోట ఆ ఫేజ్ తాలూకు చిన్న ముక్క కొత్తగా చేరి ఉంది. ఆ ముక్క ఉంటే రక్షణ, తీసేస్తే రక్షణ పోతుంది. ప్రపంచమంతా నేడు జన్యు సవరణకు పెట్టుకున్న పేరు క్రిస్పర్, అది వ్యాధి నిరోధక వ్యవస్థ అని ప్రయోగంతో రుజువైంది చీజ్‌కూ పెరుగుకూ వాడే బ్యాక్టీరియాలోనే. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

స్ట్రెయిన్ల మధ్య ఇంత తేడా ఎందుకన్నదానికి సగం జవాబు ప్లాస్మిడ్లు. లాక్టోకాకస్‌కు పాలలో బతకడానికి అవసరమైన పనులు చాలావరకు ప్రధాన క్రోమోజోమ్‌లో కాక, జారిపోగల ఈ చిన్న డీఎన్ఏ వలయాల్లో ఉంటాయి. లాక్టోజ్‌ను వాడుకోవడం, కేసీన్‌ను కోయడం, సిట్రేట్‌ను లోపలికి తీసుకోవడం అన్నీ. 1970లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లారీ మెకే ఈ సంగతి బయటపెట్టారు. లాక్టోజ్, బ్రోమోక్రెసాల్ పర్పుల్ రంగు కలిపిన అగార్ మీద ఒక పాత స్ట్రెయిన్‌ను పరచి చూడండి. లాక్టోజ్‌ను పులియబెట్టేవి చుట్టూ పసుపు పరచుకుంటాయి. మధ్యలో ఒకటో రెండో తెల్లగా మిగులుతాయి. నిన్నటి దాకా అదే కుటుంబం, ప్లాస్మిడ్ జారిపోయిన మరుక్షణం పాలలో పనికిరానిది.

కేసీన్ కోసే ఎంజైమ్ విషయం ఇంకా విచిత్రం. ఆ ఎంజైమ్ కణం బయట పనిచేస్తుంది కాబట్టి, కోసిన ముక్కలు పక్కన ఉన్నవాటికీ అందుతాయి. ఎంజైమ్ లేనిది తయారుచేసే ఖర్చు లేకుండా తింటుంది, త్వరగా పెరుగుతుంది. పాలలో తరం తర్వాత తరం పెంచుతూ పోతే అలాంటివి సంఖ్యలో పైకొస్తాయి. నెదర్లాండ్స్‌లో హెర్విగ్ బాక్‌మన్ బృందం దీన్ని ప్రయోగంలో చూపింది. కణాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఉచితంగా తినేవి గెలుస్తాయి, బాగా పలుచన చేసి విడదీస్తే కష్టపడి కోసేవి గెలుస్తాయి. అందుకే ల్యాబ్‌లో స్ట్రెయిన్‌ను ఎడతెగకుండా పెంచుకుంటూ పోకూడదు, గడ్డకట్టించి దాచుకున్న మూలం దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఇవన్నీ ఒకసారి ఫోనులో మా అత్తయ్యకు చెబుతుంటే, “మేం తోడు పెట్టినట్టే కదమ్మా ఇదీ?” అంది. అవును అత్తయ్యా, కాకపోతే నీ తోడులో ఏమేం ఉన్నాయో నీకు తెలియదు, మా దాంట్లో ఏమేం ఉన్నాయో మాకు తెలుసు, అన్నాను. “తెలియకపోయినా మాకు ఒక్కనాడూ తోడుకోకుండా పోలేదే. మరి తెలిసిన మీకెందుకు ఆగిపోతోంది?” అని అడిగింది. ఆ ప్రశ్న మా రంగంలో డచ్చివాళ్లు ఏళ్ల తరబడి వేసుకున్న ప్రశ్నే.

గౌడా, ఎడామ్ చేసే డచ్ కర్మాగారాలు ఏ ఒక్క స్ట్రెయిన్‌నూ ఏరకుండా, తరతరాలుగా కలగలిసి వస్తున్న స్టార్టర్‌నే నిలుపుకున్నాయి. న్యూజిలాండ్‌లో శత్రువుగా చూసిన వాయువే గౌడాకు కావాలి, దాని లోపలి కళ్లు, అంటే గుండ్రటి రంధ్రాలు, అలా ఏర్పడేవే. ఎడె పట్టణంలోని నీజో అనే పాడి పరిశోధన సంస్థలో స్టాడ్‌హౌడర్స్, లీండర్స్ ఈ మిశ్రమాలను రెండు తెగలుగా విభజించారు. కర్మాగారంలోనే ఫేజ్‌ల మధ్య రోజూ పెరుగుతూ వచ్చినవి పీ స్టార్టర్లు. ల్యాబ్‌లో, ఫేజ్ సోకకుండా శుభ్రంగా పెంచినవి ఎల్ స్టార్టర్లు. శుభ్రంగా పెంచినవాటిలో బాగా పెరిగే ఒకటి రెండు స్ట్రెయిన్లు తక్కినవాటిని తోసేస్తాయి. ఫేజ్ వచ్చిన రోజున మొత్తం పడిపోతుంది. పీ స్టార్టర్‌లో ఏ స్ట్రెయిన్ అయినా మరీ ఎక్కువైతే దాని ఫేజ్ కూడా పెరిగి దాన్ని తగ్గిస్తుంది, ఖాళీ అయిన చోటు ఇంకోదానికి దక్కుతుంది. 2013లో ఊర్ అనే పాత డచ్ స్టార్టర్‌ను జన్యుస్థాయిలో విప్పి చూసినప్పుడు ఇదే కనిపించింది. అందులోని స్ట్రెయిన్ల వైవిధ్యాన్ని కాపాడుతున్నవాటిలో ఫేజ్‌లూ ఒకటి. వృత్తిరీత్యా ఫేజ్‌ను వేటాడే నాకు ఈ సంగతి జీర్ణం కావడానికి సమయం పట్టింది. అత్తయ్య తోడులో కూడా ఇలాంటిదేదో జరుగుతూనే ఉండాలి.

ఇటలీలో పార్మిజానో రెజానో చేసేవారిది ఇంకా పాత దారి. నిన్నటి చీజ్ తేటను వెచ్చగా ఉంచి పులియబెట్టి ఈ రోజు పాలలో కలుపుతారు. గడ్డను 55 డిగ్రీల దాకా వేడి చేస్తారు కాబట్టి ఆ తేటలో లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ వంటి వేడికి ఆగేవే నిలుస్తాయి.

పిజ్జా మీద చీజ్ మరీ గోధుమరంగుకు మారడం వెనక కూడా స్ట్రెయినే ఉంటుందని చాలామందికి తెలియదు. మొజరెల్లాలో వాడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌లో చాలా స్ట్రెయిన్లు లాక్టోజ్‌లోని గ్లూకోజ్ సగాన్ని వాడుకుని గెలాక్టోజ్ సగాన్ని బయటికి వదిలేస్తాయి. చీజ్‌లో మిగిలిన ఆ గెలాక్టోజ్ పొయ్యిలో ప్రోటీన్‌తో కలిసి మాడు రంగు తెస్తుంది. గెలాక్టోజ్‌ను తినగలిగే స్ట్రెయిన్‌ను ఎంచుకుంటే, లేదా తోడుగా హెల్వెటికస్‌ను వేస్తే ఆ రంగు తగ్గుతుంది.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. నేడు చాలా కర్మాగారాలు స్టార్టర్‌ను కొద్దిమంది తయారీదారుల దగ్గర గడ్డకట్టించిన రూపంలోనో పొడిగానో కొంటున్నాయి. నమ్మకంగా పనిచేస్తాయి, నేనూ వాడతాను. కానీ ఊరూరా ఉన్న పాత మిశ్రమాలు వాడకం నుంచి జారిపోతే, వాటితోపాటు ఎవరూ ఇంకా పరీక్షించని స్ట్రెయిన్లు కూడా పోతాయి. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఇలాంటి బ్యాక్టీరియాను సేకరించి దాచిపెడుతోంది. ఆ పనికి ఎంత డబ్బు పెట్టినా తక్కువేనని నా అభిప్రాయం.

ఎందుకంటే పాలలో ఉన్నవి ఈ జాతిలో ఒక కొమ్మ మాత్రమే. లాక్టోకాకస్ అసలు ఇల్లు మొక్కలు. బాగా అధ్యయనం చేసిన మొక్కల స్ట్రెయిన్లలో ఒకటైన కేఎఫ్147 దొరికింది మొలకెత్తిన పెసల మీద. పాలలోని స్ట్రెయిన్లు వదిలేసుకున్న శక్తులు దానిలో ఇంకా ఉన్నాయి. మొక్కల గోడల నుంచి వచ్చే చక్కెరలను వాడుకుంటుంది, పాలలోని వాటి కంటే ఎక్కువ అమైనో ఆమ్లాలను తానే తయారుచేసుకోగలదు. పాలలో సుఖానికి అలవాటుపడ్డ స్ట్రెయిన్ల జన్యుపదార్థంలో అవే జన్యువులు విరిగిపోయి, పనిచేయకుండా పడి ఉంటాయి.

2001లో నీజో పరిశోధకులు ప్రకటించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఎస్‌కే110 పరిశ్రమలో వాడే స్ట్రెయిన్. కేసీన్‌ను బాగా కోసి, ల్యూసీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒక కీటో ఆమ్లం దాకా తీసుకెళ్తుంది. అక్కడ ఆగిపోతుంది, తర్వాతి మెట్టుకు కావలసిన ఎంజైమ్ దానికి లేదు. బీ1157 పరిశ్రమ బయట దొరికిన స్ట్రెయిన్. దానికి ఆ ఎంజైమ్ ఉంది, కానీ కేసీన్‌ను సరిగా కోయలేదు కాబట్టి చేతికి సరుకు అందదు. రెండింటినీ ఒకే పాలలో పెంచితే మొదటిది వదిలిన కీటో ఆమ్లాన్ని రెండోది అందుకుని 3-మిథైల్‌బ్యూటనాల్ అనే ఆల్డిహైడ్‌గా మార్చింది. పాలు చాక్లెట్ వాసన వేశాయి. విడివిడిగా పెంచినప్పుడు రెండింటిలో ఏదీ ఆ వాసన ఇవ్వలేదు. మా ఫ్రీజర్ జాబితాలో ఒంటరిగా పరీక్షించి ‘వాసన లేదు’ అని రాసి పక్కన పెట్టిన నంబర్లు చాలా ఉన్నాయి. వాటిని జంటలుగా మళ్లీ పాలలో వేసి చూడటానికి అనుమతి అడిగాను, వచ్చే నెలలో మొదలుపెడుతున్నాను.